స్కానింగ్‌కి డబ్బు దొరికింది, పదో ఏడాది ఎవరు కడతారు?

నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక చిన్న గ్రంథాలయంలో పాత పత్రికలన్నీ స్కాన్ చేయించారు. గ్రాంట్ వచ్చింది, కెమెరా కొన్నారు, ఇద్దరు కుర్రాళ్లు రెండేళ్లు కూర్చుని పేజీ తర్వాత పేజీ తిప్పారు. ప్రారంభోత్సవం కూడా ఘనంగా జరిగింది. ఐదేళ్ల తర్వాత నాకు ఒక సంచిక కావాల్సొచ్చి అడిగితే, బీరువా తాళం తీసి ఒక హార్డ్ డిస్క్ చేతిలో పెట్టారు. దాని మీద తెల్ల టేపు అంటించి, స్కెచ్ పెన్‌తో ‘ఫైనల్ కాపీ 2’ అని రాసి ఉంది. కంప్యూటర్‌కి తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. ‘ఫైనల్ కాపీ 1’ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. వెబ్‌సైట్ అప్పటికే పోయింది. డొమైన్ రెన్యువల్‌కి డబ్బు కట్టడానికి ఏ పద్దులోనూ చోటు లేదు.

అక్కడ ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ బద్ధకించలేదు. స్కాన్ చేయడానికి బడ్జెట్ వేశారు, స్కాన్ చేసింది నిలుపుకోడానికి వేయలేదు. జరిగింది అంతే. అప్పట్నుంచి ఎవరు డిజిటైజేషన్ ప్లాన్ పట్టుకొచ్చినా నేను ముందుగా అడిగేది ఒక్కటే: పదో ఏడాది ఖర్చు ఎవరు కడతారు? డిజిటైజేషన్‌కి డబ్బు తెచ్చుకునే దారుల్ని కింద పోల్చాను, అన్నింటినీ ఈ ప్రశ్నతోనే కొలిచాను. గ్రంథాలయం, మ్యూజియం, ఆర్కైవ్, రాతప్రతుల సేకరణ, పాటల రికార్డింగుల సేకరణ, ఏది నడుపుతున్నా ఈ లెక్క పెద్దగా మారదు.

ముందు ఖర్చు ఎంతో తెలియాలి

ఏ4 సైజు పేజీని అంగుళానికి 400 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా టిఫ్ ఫైలుగా దాస్తే ఒక్కో పేజీ దాదాపు 46 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకం సుమారు 14 గిగాబైట్లు. పది వేల పుస్తకాలైతే 140 టెరాబైట్లు. ఒక్క కాపీ మీద భరోసా పెట్టుకోలేం కాబట్టి మూడు కాపీలు కావాలి, అందులో ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. అంటే 420 టెరాబైట్లు. నాణ్యత పోకుండా కుదించే జేపెగ్ 2000 లాంటి ఫార్మాట్ వాడితే ఇందులో సగం దాకా తగ్గించుకోవచ్చు. ఈ ఒక్క నిర్ణయం ఏళ్ల తరబడి కట్టే బిల్లుని సగం చేస్తుంది కాబట్టి, స్కానర్ మోడల్ గురించి వాదించుకునే ముందు దీన్ని తేల్చుకోవాలి.

హార్డ్ డిస్కులు నాలుగైదేళ్లకి మార్చాలి. టేపులు ఎక్కువ కాలం ఉంటాయి, కానీ వాటిని చదివే డ్రైవుల సంగతి వేరు. కంప్యూటర్ ఫైళ్లు దాచడానికి వాడే ఎల్‌టీఓ అనే రకం టేపు డ్రైవులు ఏడో తరం వరకు తమకంటే రెండు తరాల వెనకటి టేపుల్ని చదివేవి. ఎనిమిదో తరం డ్రైవు ఒక్క తరం వెనకటి టేపుల్ని మాత్రమే చదువుతుంది. టేపు బాగానే ఉన్నా చదివే మిషన్ దొరకని రోజు వస్తుంది, ఆలోపే అందులోని సరుకంతా కొత్త టేపులోకి మార్చుకోవాలి. ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తీసి పెట్టుకుని, ఫైలు చెడిపోలేదని అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, సెక్యూరిటీ, పాఠకుల ఉత్తరాలకి జవాబులు, తప్పుగా పడిన పేర్ల సవరణలు, ఇవన్నీ మనుషులు చేసే పనులే. స్టోరేజ్ చవకవుతోంది కదా అంటారు. అయ్యేది డిస్కు, మనిషి జీతం కాదు. ఆ డిస్కు ధర కూడా ఎప్పుడూ కిందికే దిగుతుందన్న నమ్మకం లేదు. 2011లో థాయ్‌లాండ్‌ని వరదలు ముంచెత్తినప్పుడు ఫ్యాక్టరీలు మూతపడి ప్రపంచమంతటా హార్డ్ డిస్కుల ధరలు ఒక్కసారిగా పెరిగాయి.

సెక్యూరిటీ అన్న మాటని దాటేయకండి. 2023 అక్టోబర్లో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్‌సమ్‌వేర్ దాడి (ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే దాడి) జరిగాక, అంత పెద్ద సంస్థలోనే ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి అందలేదు. దీనికి తోడు ఇప్పుడు ఏఐ కంపెనీల బాట్లు, అంటే సైట్ల మీద తిరుగుతూ సమాచారం లాక్కెళ్లే ప్రోగ్రాములు. 2025లో ఇలాంటి సంస్థల మీద పరిశోధన చేసే గ్లామ్-ఈ ల్యాబ్ వాళ్లు 43 సాంస్కృతిక సంస్థల్ని అడిగితే, 39 సంస్థలు తమ సైట్ల మీద ట్రాఫిక్ పెరిగిందని చెప్పాయి. మనుషులు చదివినా బాట్లు లాక్కెళ్లినా సర్వర్ బిల్లు మనదే.

1986లో బీబీసీ చేపట్టిన డోమ్స్‌డే ప్రాజెక్టు కథ ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. ఇంగ్లండ్ భూముల లెక్కలు రాసిన 1086 నాటి డోమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా, పది లక్షల మందికి పైగా జనం రాసిన ఊళ్ల వివరాల్ని లేజర్ డిస్కుల్లోకి ఎక్కించారు. పదిహేనేళ్లు తిరక్కుండానే ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడం కష్టమైపోయింది. ప్రత్యేకంగా పరిశోధన పెట్టి, డబ్బు పోసి, ఆ సమాచారాన్ని బయటికి లాగాల్సొచ్చింది. తోలు మీద రాసిన 1086 గ్రంథాన్ని మాత్రం ఈరోజుకీ తెరిచి చదవొచ్చు.

గ్రాంట్: మొదలుపెట్టడానికి సరే

గ్రాంట్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. పరికరాలు కొనాలన్నా, శిక్షణ ఇవ్వాలన్నా, శిథిలమైపోతున్న సరుకుని ముందు కాపాడాలన్నా ఇంతకంటే మంచి డబ్బు లేదు. పాడైపోయే ప్రమాదంలో ఉన్న ఆర్కైవ్‌ల కోసం 2004లో ఆర్కేడియా అనే దాతృత్వ నిధి సాయంతో బ్రిటిష్ లైబ్రరీలో మొదలైన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ దీనికి మంచి నమూనా. అందులో నాకు నచ్చింది పద్ధతి. అసలు ప్రతులు వాటి దేశంలోనే ఉంటాయి, డిజిటల్ కాపీ ఒకటి అక్కడి సంస్థ దగ్గర, ఇంకొకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంటుంది. చిన్న సంస్థ చితికిపోయినా రెండో కాపీ ఇంకో చోట ఉందన్నమాట.

మామూలు గ్రాంట్లు అలా ఉండవు. మూడేళ్లకి డబ్బులిస్తారు, ‘ప్రాజెక్టు పూర్తయ్యాక మేమే నడుపుకుంటాం’ అని హామీ రాయించుకుంటారు. మనం రాసిచ్చేస్తాం. ఎక్కడ్నుంచి నడుపుతామో ఇద్దరం ఆలోచించం. గ్రాంట్ అర్జీలోనే కనీసం ఐదేళ్ల నిల్వ ఖర్చు ముందస్తుగా అడగండి. ఒప్పుకోకపోతే స్కాన్ చేసే పేజీల సంఖ్య తగ్గించుకోండి. లక్ష పేజీలు చేసి పోగొట్టుకునే కంటే ముప్పై వేలు చేసి నిలబెట్టుకోవడం నయం.

ప్రభుత్వ బడ్జెట్: బలమైనదే, కానీ ఏటా పోరాటమే

దేశ వారసత్వాన్ని దేశం ఖర్చుతో కాపాడాలన్నది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట. అసలు న్యాయమైన దారి ఇదే. అయితే బడ్జెట్‌లో ఒక లైనుగా పడటం వేరు, శాశ్వతంగా పడటం వేరు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009లో ట్రోవ్ అనే సైట్ మొదలుపెట్టింది. పాత పత్రికలతో నిండిన ఆ సైట్‌లో, స్కాన్ చేసిన పేజీల్లోంచి మిషన్ తప్పుగా చదివిన అక్షరాల్ని పాఠకులే స్వచ్ఛందంగా కోట్ల వరుసల కొద్దీ సరిదిద్దారు. అంతటి సైట్‌కి కూడా 2023 జూన్ తర్వాత డబ్బు లేదని, మూసేయాల్సి రావొచ్చని వార్త వచ్చింది. జనం గొడవ చేశారు. ఏప్రిల్లో ప్రభుత్వం నాలుగేళ్లకి 3.3 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, ఆ తర్వాత ఏటా 92 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది.

ఇందులో గమనించాల్సింది ఆ రెండో అంకె. నాలుగేళ్ల ప్యాకేజీ దగ్గర ఆగిపోయి ఉంటే నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఇదే టెన్షన్. ఇంకొకటి, ట్రోవ్‌ని కాపాడింది దాన్ని రోజూ వాడే మనుషులు. వాడేవాళ్లు లేని సైట్ కోసం ఎవరూ రోడ్డెక్కరు. ప్రభుత్వ డబ్బు మీద ఆధారపడే సంస్థ పాఠకుల్ని పెంచుకోవడం కూడా బడ్జెట్ పనే అనుకోవాలి.

కంపెనీతో ఒప్పందం: ఇక్కడే జాగ్రత్తగా చదవాలి

కంపెనీ వచ్చి ‘మొత్తం ఖర్చు మాదే, మీ పుస్తకాలు ఇస్తే చాలు’ అంటుంది. ఒళ్లు పులకరిస్తుంది. నేను ఈ దారిని వద్దనను. చాలా పెద్ద సేకరణలు ఇలా తప్ప ఇంకెలాగూ వెలుగు చూసేవి కావు. కానీ ఒప్పందంలో రెండు మూడు వాక్యాలు అటూ ఇటూ అయితే మీ సొంత వారసత్వాన్ని మీరే కొనుక్కోవాల్సి వస్తుంది.

2004 డిసెంబర్లో గూగుల్ పెద్ద పెద్ద గ్రంథాలయాలతో పుస్తకాల స్కానింగ్ మొదలుపెట్టింది. మిషిగన్ లాంటి విశ్వవిద్యాలయాలు స్కాన్ చేసిన ఫైళ్ల కాపీ ఒకటి తమకీ ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకున్నాయి. 2008లో ఆ కాపీలన్నీ ఒక చోట చేర్చి, విశ్వవిద్యాలయాలే హాతీట్రస్ట్ అనే ఉమ్మడి డిజిటల్ గ్రంథాలయం పెట్టుకున్నాయి. ఈరోజు అందులో కోటీ 80 లక్షలకు పైగా సంపుటాలున్నాయి. రేపు గూగుల్‌కి పుస్తకాల మీద ఆసక్తి తగ్గినా వాళ్లకి బెంగ లేదు. ఒక్క షరతు రాయించుకున్నందుకు ఇంత దక్కింది.

ఆసక్తి తగ్గడమన్నది ఊహ కూడా కాదు. మైక్రోసాఫ్ట్ 2006లో తన పుస్తకాల సెర్చ్ మొదలుపెట్టి, 7.5 లక్షల పుస్తకాలు స్కాన్ చేసి, 2008 మేలో ఆపేసింది. వెళ్తూ వెళ్తూ స్కానింగ్ పరికరాల్ని భాగస్వాములకే వదిలిపెట్టింది, కాపీరైట్ హక్కులు ముగిసిన పుస్తకాల వాడకం మీద పెట్టిన షరతుల్ని కూడా ఎత్తేసింది. అది వాళ్ల మంచితనం. ఇంకొకళ్లు అలా చేస్తారని లెక్కేసుకుని సంతకం పెట్టకూడదు.

మధ్యస్థంగా ఉండే నమూనా బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్. 2011లో మొదలైంది. పదేళ్లలో నాలుగు కోట్ల పేజీల దాకా స్కాన్ చేయాలని బ్రిటిష్ లైబ్రరీ ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. చాలా పేజీల్ని ఇంట్లో కూర్చుని చదవాలంటే చందా కట్టాలి, లైబ్రరీ రీడింగ్ రూముల్లో మాత్రం ఉచితం. తమ వంశవృక్షం వెతుక్కునేవాళ్లు సంతోషంగా చందా కట్టే సరుకు కాబట్టి ఇది నడిచింది. మీ దగ్గర ఉన్నది అలా జనం ఎగబడి వెతికే సరుకేనా అన్నది నిజాయితీగా చూసుకోవాలి. జనన మరణ రికార్డులు, పాత వార్తాపత్రికలు, సైనికుల జాబితాలు, పటాలు అలాంటివి. మఠాల దస్తావేజులకీ వ్యాకరణ గ్రంథాలకీ ఆ మార్కెట్ ఉండదు.

కంపెనీ పెట్టుబడి తిరిగి రాబట్టుకోడానికి కొన్నాళ్లు ఆ ఫైళ్లని తామొక్కరే వాడుకునే ప్రత్యేక హక్కు అడగడం న్యాయమే. ఎన్నాళ్లు అన్నదే బేరం. ఐరోపాలో 2011లో ఒక నిపుణుల కమిటీ ఏడేళ్లు చాలంది. 2013లో సవరించిన ఐరోపా నిబంధన సాధారణంగా పదేళ్లు మించకూడదని, పైగా డిజిటల్ కాపీ ఒకటి సంస్థకి ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. మీ దేశంలో అలాంటి నిబంధన లేకపోయినా ఇవే రెండు మాటలు ఒప్పందంలో పెట్టమని అడగండి. ఇచ్చే కాపీ చూపుకోడానికి చేసిన చిన్న పీడీఎఫ్ కాదు, పూర్తి నాణ్యత ఉన్న మాస్టర్ ఫైళ్లు, వాటితో పాటు వివరాల పట్టిక, మిషన్ చదివిన పాఠం అన్నీ అని విడివిడిగా రాయించండి. అది కూడా ఒప్పందం ముగిశాక కాదు, మూడు నెలలకోసారి. కంపెనీ దివాలా తీస్తే ఆఖరి రోజున ఫైళ్లు అప్పగించడానికి అక్కడ ఎవరూ ఉండరు.

చిత్రాల కాపీలు అమ్ముకోవడం: ఆశ ఎక్కువ, రాబడి తక్కువ

మ్యూజియం వాళ్లకి తట్టే మొదటి ఆలోచన ఇది. మన దగ్గర అపురూపమైన చిత్రాలున్నాయి, ఎవరు వాడుకున్నా రుసుము కట్టమందాం అని. 2004లో సైమన్ టానర్ అనే పరిశోధకుడు అమెరికా ఆర్ట్ మ్యూజియంల మీద మెలన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ కోసం చేసిన అధ్యయనంలో, ఖర్చులన్నీ కలిపి చూస్తే ఈ అమ్మకం మీద లాభం మిగిలిన మ్యూజియం ఒక్కటీ తేలలేదు. ఎందుకో తెలుసుకోవడం కష్టం కాదు. ఒక విద్యార్థి పుస్తకం కోసం ఒక బొమ్మ అడుగుతాడు. ఆ ఉత్తరం చదవాలి, హక్కులు చూడాలి, రేటు చెప్పాలి, ఇన్వాయిస్ పంపాలి, డబ్బు వచ్చిందో లేదో చూడాలి, ఫైలు పంపాలి, రశీదు అకౌంట్స్‌కి చేర్చాలి. ఒక ఉద్యోగి పూట గడిచిపోతుంది, వచ్చేది ఆ పూట జీతానికి కూడా సరిపోదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం మొదట మామూలు సైజు బొమ్మలు ఉచితంగా పెట్టి, పెద్ద ఫైలుకి 40 యూరోలు తీసుకునేది. 2013లో అది కూడా మానేసి అన్నీ ఉచితం చేసింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3.75 లక్షల బొమ్మల్ని ఏ షరతూ లేకుండా వదిలింది. అసలు హక్కులు ముగిసిన చిత్రానికి ఫొటో తీసి ఆ ఫొటో మీద కొత్త హక్కు చెప్పుకోవడం కూడా ఇప్పుడు చాలాచోట్ల చెల్లదు. అమెరికాలో 1999 నాటి ఒక తీర్పు, ఐరోపాలో 2019 నాటి కాపీరైట్ ఆదేశం రెండూ అదే చెప్పాయి.

ఉచితంగా వదలడం వల్ల డబ్బు రాదు, నిజమే. కానీ కాపీలు పుడతాయి. నాకు ఆ గ్రంథాలయంలో దొరకని సంచిక చివరికి ఎక్కడ దొరికిందంటే, సైట్ బతికున్న రోజుల్లో డౌన్‌లోడ్ చేసుకున్న ఒక పాఠకుడి ల్యాప్‌టాప్‌లో. అందుకే హక్కుల చిక్కు లేని సరుకుని తలుపులు తెరిచి పెట్టమనే నేను సలహా ఇస్తాను. అమ్మాలనుకుంటే సేవని అమ్మండి. ప్రత్యేకంగా కొత్త ఫొటో తీసివ్వడం, పెద్ద ప్రింటు వేసివ్వడం, అర్జంటుగా స్కాన్ చేసి పంపడం, వీటికి జనం సంతోషంగా కడతారు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముందుండి నడిపిన ఈబుక్స్ ఆన్ డిమాండ్ అనే సేవలో, హక్కులు ముగిసిన పుస్తకం కావాలన్న పాఠకుడే స్కానింగ్ ఖర్చు భరిస్తాడు. ఆ ఫైలు తర్వాత అందరికీ పనికొస్తుంది. ఏ పుస్తకం ముందు చేయాలో కమిటీ వేసుకుని తేల్చక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఒక తెగ వాళ్ల పూజా పాటలు, పోయినవాళ్ల ఫొటోలు, పవిత్రంగా దాచుకునే వస్తువులు ఉంటే వాటిని అమ్మాలా, ఉచితంగా పెట్టాలా అన్న ప్రశ్న మీది కాదు, వాళ్లది. ఆస్ట్రేలియాలోని వారుముంగు అనే ఆదివాసీ జనంతో కలిసి తయారుచేసిన ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏది చూడొచ్చో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. అలాంటి సరుకుని రాబడి లెక్కల్లో కలపకండి.

కొన్నాళ్లు చందా, ఆ తర్వాత అందరికీ

ఇది నాకు బాగా నచ్చిన దారి, పెద్దగా ఎవరూ తలవని దారి కూడా. తొలినాటి ఇంగ్లిషు పుస్తకాల ప్రతి అక్షరాన్నీ టైపు చేయించే ఖర్చు ఏ ఒక్క గ్రంథాలయం వల్లా అయ్యేది కాదు. మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు ముందుండి, గ్రంథాలయాలకి డేటాబేస్‌లు అమ్మే ప్రోక్వెస్ట్ కంపెనీని కలుపుకుని, టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్ పేరుతో అనేక గ్రంథాలయాల దగ్గర డబ్బు పోగేశాయి. డబ్బు పెట్టినవాళ్లకి కొన్నేళ్లు ముందుగా వాడుకునే హక్కు. గడువు తీరాక, 2015 జనవరి 1న మొదటి విడతలోని 25 వేల పైచిలుకు పుస్తకాల పాఠం లోకానికంతా ఉచితమైంది.

కట్టినవాళ్లకి కట్టిన ఫలం దక్కింది, చివరికి అందరికీ అందింది. అయితే గడువు తేదీని మొదటిరోజే రాసుకోవాలి. ‘ఖర్చులు తిరిగొచ్చాక తెరుస్తాం’ అంటే ఎప్పటికీ తెరవరు.

సభ్యత్వం: పదో ఏడాదికి నాకు దొరికిన మంచి జవాబు

హాతీట్రస్ట్ ఖర్చుల్ని సభ్య గ్రంథాలయాలు పంచుకుంటాయి. పంచుకునే లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది. హక్కులు ముగిసిన పుస్తకాల ఖర్చు సభ్యులందరిదీ. హక్కులున్న పుస్తకాల ఖర్చు మాత్రం ఆ పుస్తకం అచ్చు ప్రతి ఎవరి అలమరాలో ఉందో వాళ్లది. ఏళ్ల తరబడి కొందరు అధికారులు ‘హక్కులున్న పుస్తకం ఎలాగూ తెరవలేం, దానికి డబ్బెందుకు కట్టాలి’ అని అడిగే ఉంటారు. 2020లో కరోనాతో గ్రంథాలయాలు మూతపడ్డప్పుడు, తమ అలమరాలో ఉన్న పుస్తకం డిజిటల్ కాపీని తమ విద్యార్థులకి తాత్కాలికంగా ఇచ్చే వీలు సభ్యులకి దొరికింది. కట్టిన సభ్యత్వానికి ఫలం ఆరోజు కంటికి కనపడింది.

సభ్యత్వం గొప్పదనం ఏంటంటే, ఒకరు మానుకున్నా ఇల్లు కూలదు. గ్రాంట్ ఇచ్చేవాళ్లు ఒక్కరే, కంపెనీ ఒక్కటే, మంత్రి ఒక్కరే. ముప్పై మంది సభ్యుల్లో ఇద్దరు వెళ్లిపోతే మిగిలిన ఇరవై ఎనిమిది మంది సర్దుకుంటారు. చిన్న సంస్థలు నలుగురైదుగురు కలిసినా చాలు. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన లాక్స్ అనే సాఫ్ట్‌వేర్ అచ్చంగా ఇందుకే. ఒకరి కాపీలు ఇంకొకరి దగ్గర ఉంటాయి, అవి తమలో తాము పోల్చుకుని చెడిపోయిన దాన్ని సరిచేసుకుంటాయి. సర్వర్ ఎవరి ఇంట్లో వాళ్లది, కాపలా అందరిదీ.

కష్టం ఎక్కడంటే, కలవడంలో. ఎవరి పేరు ముందు ఉండాలి, లోగో ఎంత పెద్దది, ఎవరి భవనంలో మీటింగ్ అన్న దగ్గరే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. కట్టకపోయినా వాడుకోవచ్చు కదా అనుకునేవాళ్లు కూడా ఉంటారు. అందుకని సభ్యులకి మాత్రమే దక్కేది ఏదో ఒకటి ఉండాలి. ఓటు హక్కు కావచ్చు, తమ సేకరణకి నిల్వ చోటు కావచ్చు, స్కానింగ్‌లో ముందు వరస కావచ్చు.

మూలనిధి, విరాళాలు

మూలనిధి లెక్క సులువు. అసలు కదలకుండా ఏటా 4 శాతం వాడుకుందాం అనుకుంటే, ఏటా అయ్యే ఖర్చుకి 25 రెట్లు ముందే పోగెయ్యాలి. ఏటా ఒక లక్ష కావాలంటే 25 లక్షలు. పెద్ద సంస్థలకి ఇది సాధ్యమే. చిన్నవాళ్లకి మొత్తం కాకపోయినా, కేవలం నిల్వ ఖర్చుకి సరిపడా చిన్న మూలనిధి పెట్టుకోవడం గొంతెమ్మ కోరికేమీ కాదు. దాతకి ‘స్కానర్ కొనివ్వండి’ అనే బదులు ‘ఈ వెయ్యి తాళపత్రాల్ని మీ పేరుతో శాశ్వతంగా కాపాడతాం’ అని అడిగి చూడండి.

విరాళాల మీద నడిచే పెద్ద పేరు, వెబ్ పేజీల్నీ పుస్తకాల్నీ భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్. బ్రూస్టర్ కేల్ 1996లో పెట్టారు. అయితే అది ఒట్టి విరాళాల మీద నడవలేదన్నది గుర్తుంచుకోవాలి. సంస్థలకి వెబ్‌సైట్లు భద్రపరిచే ఆర్కైవ్-ఇట్ సేవ, గ్రంథాలయాలకి పుస్తకాలు స్కాన్ చేసిపెట్టే పని, ఇవి రెండూ డబ్బు తెచ్చే పనులు. మీ దగ్గర మంచి కెమెరా, చేయి తిరిగిన మనుషులు ఉంటే, చుట్టుపక్కల సంస్థలకి స్కానింగ్ చేసిపెట్టడం మంచి రాబడి. ఒక్క షరతు: మీ సొంత సేకరణ పని వారంలో ఇన్ని రోజులని ముందే గిరి గీసుకోవాలి. లేకపోతే బయటి పని సొంత పనిని మింగేస్తుంది.

కొత్తగా వచ్చిన దారి: ఏఐ కంపెనీలు

ఏఐకి శిక్షణ ఇవ్వడానికి పాత పుస్తకాల పాఠానికి ఇప్పుడు గిరాకీ వచ్చింది. మైక్రోసాఫ్ట్, ఓపెన్ఏఐ ఆర్థిక సాయంతో హార్వర్డ్ 2025లో దాదాపు పది లక్షల పుస్తకాల పాఠాన్ని శుభ్రం చేసి పరిశోధకుల కోసం విడుదల చేసింది. ఆ పుస్తకాలు ఒకప్పుడు గూగుల్ స్కాన్ చేసినవే. అప్పట్లో కాపీ అడిగి పుచ్చుకోవడం వల్లే ఇప్పుడు ఈ అవకాశం వచ్చింది.

నెట్‌లో తక్కువగా ఉన్న భాషల పాఠానికి విలువ ఇంకా ఎక్కువ. వీళ్ల డబ్బు తీసుకోవచ్చు, కానీ ప్రత్యేక హక్కు ఇవ్వకుండా, మనం శుభ్రం చేసుకున్న పాఠం మనకీ మిగిలేలా తీసుకోవాలి. ఈ డబ్బు ఏటా వస్తుందని జీతాల లెక్కలో వేసుకోకండి. పాఠం ఒకసారి తీసుకున్నాక వాళ్లు మళ్లీ రావాల్సిన పని లేదు. ఒకసారి వచ్చిన దాన్ని మూలనిధిలో వేయడం మంచిది.

మరి మీకేది సరిపోతుంది

వెయ్యి లోపు పుస్తకాలో రాతప్రతులో ఉన్న చిన్న సంస్థ అయితే సొంత పోర్టల్ కట్టకండి. స్కానింగ్‌కి చిన్న గ్రాంట్ తెచ్చుకోండి, ఫైళ్లు ఇప్పటికే నిలబడ్డ పెద్ద వేదిక మీద పెట్టండి, ఒక కాపీ మీ దగ్గర, ఒకటి స్నేహ సంస్థ దగ్గర ఉంచండి. మీ పేరుతో మెరిసే వెబ్‌సైట్ లేదని చిన్నబుచ్చుకోవాల్సింది లేదు.

మధ్యస్థ గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో నేను చెప్పేది: స్కానింగ్ గ్రాంట్‌తో, నిల్వ సభ్యత్వంతో, హక్కులు ముగిసినవన్నీ ఉచితంగా, పైఖర్చులకి సేవల రాబడి. నాలుగూ కలిపితేనే నిలబడుతుంది. ఒక్కదాని మీద మొత్తం ఆదాయంలో సగానికి మించి ఆధారపడొద్దు.

చిత్రాలున్న మ్యూజియం అయితే, వాటి వాడకానికి రుసుము వసూలు చేసే లైసెన్సింగ్ డెస్క్ పెట్టే ముందు గత ఏడాది వచ్చిన వినతుల్ని లెక్కపెట్టి, ఒక్కోదానికి పట్టిన గంటల్ని పక్కన రాయండి. ఆ కాగితం చూశాక చాలామంది మనసు మార్చుకుంటారు.

వార్తాపత్రికలు, వంశ రికార్డులు లాంటి గిరాకీ ఉన్న సరుకు ఉంటే కంపెనీతో మాట్లాడండి, గట్టిగా బేరమాడండి. ఏడేళ్లు, మహా అయితే పదేళ్లు. మాస్టర్ ఫైళ్లు మూడు నెలలకోసారి. మీ రీడింగ్ రూములో ఉచితం. ఈ మూడింట్లో ఒక్కటి కాదన్నా లేచి వచ్చేయండి. పుస్తకాలు మీ దగ్గరే ఉన్నాయి, ఇంకో కంపెనీ వస్తుంది.

జాతీయ స్థాయి సంస్థ అయితే ఏటా డబ్బు వచ్చేలా చట్టంలో లైను పడేదాకా పోరాడాల్సిందే. ప్రాజెక్టు పద్దు కింద వచ్చే డబ్బు ఎంత పెద్దదైనా ప్రాజెక్టుతోనే పోతుంది.

ఏ దారి పట్టినా, ఇంకా డబ్బులున్న రోజుల్లోనే ఒక కాగితం రాసి పెట్టుకోండి. ఒకవేళ మనం నడపలేకపోతే ఈ ఫైళ్లన్నీ ఎవరికి చేరాలి, వాళ్లు ఒప్పుకున్నారా, పాస్‌వర్డులు, డొమైను ఎవరి పేరున ఉన్నాయి, హక్కుల కాగితాలు ఏ ఫోల్డర్లో ఉన్నాయి. అవతలి సంస్థ సంతకం కూడా పెట్టించండి. ఏడాదికోసారి మూడో కాపీ లోంచి ఏవో ఇరవై ఫైళ్లు తెప్పించి తెరిచి చూడండి. తెరుచుకోని ఫైలు ఒక్కటి కనపడినా ఆ వారం కొత్త స్కానింగ్ ఆపేసి, ముందు దాని సంగతి చూడండి.